చేరగిలబడే ఉద్యోగం

కొన్నిటిని చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. తడిసి ముక్కిన స్పాంజి, జిగురు డబ్బా మూతకి అంటుకున్న వెంట్రుకలు, మా షోరూము అల్లుడుగారి నవ్వు. మొదటి రెండూ సబ్బు పెట్టి చేతులు కడుక్కుంటే పోతాయి. మూడోది పోదు. ఎవరికో ఒకరికి చెప్పుకుంటే తప్ప నాకు అన్నం సహించేలా లేదు, అందుకే చెబుతున్నాను.

ఇది మా బావ కథ. అంటే మా అక్క మొగుడు. సోఫాలూ వాలుకుర్చీలూ అమ్మే ఒక పెద్ద షోరూములో ఆయనది ముందు హాల్లో పని, నాది వెనక షెడ్డులో పని. నేను కుర్చీలకి కవర్లు కుడతాను. షెడ్డుకీ హాలుకీ మధ్య ఉన్న తలుపుకి చదరంగా ఒక అద్దం ముక్క ఉంది. నా మిషను సరిగ్గా దానికి ఎదురుగా ఉంటుంది. హాల్లో ఎవరు తుమ్మినా నాకు కనిపిస్తుంది, వినిపిస్తుంది, కాబట్టి నేను చెప్పేవన్నీ కళ్ళారా చూసినవే, చెవులారా విన్నవే.

ఆ హాల్లో ఎటు చూసినా కుర్చీలే. గుడ్డవీ, రెక్సినువీ, తోలువీ, మీట నొక్కితే కాళ్ళు పైకి లేచేవీ. అక్కడ పనిచేసేవాళ్ళు మాత్రం కూర్చోకూడదు. షాపు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా నిలువుకాళ్ళ మీద ఉండాలి. చెప్పుల షాపువాడు చెప్పులు వేసుకోకూడదంటే జనం నవ్విపోతారు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు, ఎవరికీ వింతగా కూడా అనిపించలేదు. మా బావ తలకి రంగు వేసుకోవడం మొదలుపెట్టకముందు నుంచీ, వేసుకుని వేసుకుని విసుగెత్తి మానేసిన తరవాత కూడా, ఆ హాల్లో అలా నిలబడే ఉన్నాడు.

ఆయన పనితనం సంగతి చెప్పాలి. మిగతా అమ్మకందార్లు మోటారు గురించీ, తోలు గురించీ, వారంటీ గురించీ ఊదరగొట్టేవాళ్ళు. బావ అవేవీ ఎత్తేవాడు కాదు. ముందు వచ్చినవాళ్ళ చేత చెప్పులు విప్పించేవాడు. చేతిలో సంచీ ఉంటే తీసుకుని పక్కన పెట్టేవాడు. కుర్చీలో కూర్చోబెట్టి తను వెనక్కి వెళ్ళి నిలబడేవాడు.

కొత్త చోట, నలుగురు చూస్తూండగా మనిషి వెనక్కి వాలడు. మీరు ఎప్పుడైనా గమనించండి. నడుము ఆనిస్తాడు గానీ భుజాలు బిగబట్టుకునే ఉంటాడు. భుజాలు వదిలినా మెడ వదలడు. కుర్చీ ఎంత మెత్తగా ఉన్నా వాడి మెడకి తెలియదు. మా బావకి ఈ కిటుకు తెలుసు. ఆయన ఆ వెనక నుంచి, కంపౌండరు సూది వేసే ముందు మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడేవాడు.

“ఇది కూర్చోవడం కాదమ్మా. కూర్చోవడం అందరికీ వచ్చు. చేరగిలబడాలి.”

“అదేగా చేస్తున్నాను,” అనేవాళ్ళు వాళ్ళు, కర్రలా బిగుసుకుని.

“లేదమ్మా. చేరగిలబడటం అన్న మాటలో చేరడం ఉంది చూడండి. ఊరు చేరడం, ఇల్లు చేరడం. పొద్దుట్నుంచీ మిమ్మల్ని మోసుకుని తిరిగిన వీపు ఇప్పుడు ఇల్లు చేరాలి. ఆఁ, నడుం చేరింది. భుజాలు గుమ్మం దాకా వచ్చాయి. మెడ ఇంకా బస్సే దిగలేదు.”

ఈ మాటకి వాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వితే మెడ వదులవుతుంది. వదులైన మెడ వెనక్కి చేరేది. ఆ క్షణంలో వాళ్ళ ముఖాలు చూడాలి. ఎప్పుడో ఎక్కడో పారేసుకున్న వస్తువు దొరికినట్టు ఉండేవి. ఆ తరవాత బేరం గురించి పెద్దగా మాట్లాడాల్సిన పని ఉండేది కాదు.

ఆ మాట పుట్టుక ఆయనకి ఒక రిటైరైన మాస్టారు చెప్పాడట. కుర్చీ కొనడానికి వచ్చి, కొనకుండా గంటలకొద్దీ మాట్లాడి వెళ్ళిన బాపతు. ‘చేరగిలు’ అని పాత మాట ఒకటి ఉందనీ, దాని మొదట్లో ఉన్నది ‘చేరు’ అనే తను అనుకుంటున్నాననీ, వెనకున్న ‘గిల’ సంగతి మాత్రం తనకీ తేలలేదనీ అన్నాడట. జారగిలబడటం అని కూడా జనం అంటారు కదా, అది తప్పా అని బావ అడిగితే, జనం అనేదాన్ని తప్పనడానికి నేనెవణ్ణి అన్నాడట. ఆ ఒక్క మాటకే బావ ఆ మాస్టార్ని నెత్తిన పెట్టుకున్నాడు. కానీ తను మాత్రం ఎప్పుడూ ‘చేర’ అనే అనేవాడు.

“జారితే కింద పడతాం మరదలా. చేరితే ఆగుతాం. నా కుర్చీల్లో జారడం లేదు.”

“నీ కుర్చీలేంటి బావా, ఒక్కదాంట్లో కూర్చున్న పాపాన పోలేదు నువ్వు,” అనేదాన్ని నేను.

ఆయన నవ్వేసేవాడు. ఆ మాటలో పండితులు ఏం చూస్తారో నాకు తెలియదు గానీ, ఆయన పుణ్యమా అని నాకు కొన్ని తేడాలు తెలిశాయి. ఆనుకోవడం అవసరం కొద్దీ. ఒరిగిపోవడం నీరసం కొద్దీ. వాలడం నిద్ర కొద్దీ. చేరగిలబడటానికి మాత్రం ఒళ్ళు ఒక్కటే చాలదు, మనసు కూడా సరేననాలి. తరిమేవాడు ఉన్నచోట ఎవడూ చేరగిలబడలేడు.

బావ చేరగిలబడే చోటు ఒకటుంది, ఇంట్లో. ముందుగదిలో కిటికీ పక్కన గోడ. సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, చాప వేసుకుని, కాళ్ళు బారజాపి ఆ గోడకి చేరగిలబడేవాడు. అక్కణ్ణుంచే టీ తాగేవాడు, అక్కణ్ణుంచే పిల్లల చదువులు చూసేవాడు, అక్కతో తగువులు కూడా అక్కణ్ణుంచే పడేవాడు. ఆయన తల ఆనేచోట గోడ మీద నల్లగా, జిడ్డుగా ఒక మరక ఉండేది. కింద వీపు ఆనేచోట ఇంకోటి, వెడల్పుగా. అక్కకి ఆ మరకంటే ఒళ్ళుమంట. సున్నం వేయించేది. నాలుగు వారాలు తిరక్కుండానే మళ్ళీ పైకి తేలేది.

“మీ తలకాయ నూనెంతా నా గోడకే పూయాలా? వచ్చినవాళ్ళు చూసి ఏమనుకుంటారు?”

“ఈ ఇంట్లో మొగుడున్నాడు అనుకుంటారు,” అనేవాడు బావ.

ఇలా రోజులు గడిచేవే. ఇంతలో షాపు యజమాని పెద్దాయన మంచాన పడ్డాడు. కూతురి మొగుడు వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. ఆయనే అల్లుడుగారు. తెల్లచొక్కా, జేబులో చేతులు తుడుచుకునే మందు సీసా. ఎవరికి చెయ్యి కలిపినా వెంటనే ఆ సీసా తీసేవాడు, ఆ మనిషి ఎదురుగానే. వచ్చిన రోజున మమ్మల్నందర్నీ నిలబెట్టి “మనమంతా ఒకే కుటుంబం” అన్నాడు. నేను ఆ వైపు ఈ వైపు చూశాను. కుటుంబంలో కూర్చున్నవాడు ఆయనొక్కడే.

అదే సమయంలో బావకి నడుం నొప్పి ముదిరింది. ముందు నడుములో పోటు, తరవాత ఎడంకాలు పొడుగునా జివ్వున లాగడం, ఆ పైన కాలు మొద్దుబారడం. డాక్టరు చూసి చెప్పాల్సింది ముఖం మీదే చెప్పాడు. నిలబడటం తగ్గించాలి, మధ్యమధ్యలో వీపుకి ఆసరా ఉన్న కుర్చీలో వెనక్కి వాలి కాసేపు ఉండాలి, లేకపోతే ఆ కాలు అలాగే మొద్దుబారి ఉండిపోతుంది. మందుల కన్నా ముందు కుర్చీ అన్నాడు. అక్క ఆ రోజు నా దగ్గర కూర్చుని ఏడ్చింది. ఈ వయసులో ఇంకో షాపువాడు గుమ్మం ఎక్కనివ్వడు. కాలు పోతే ఉన్న షాపువాడూ ఉంచుకోడు.

బావ వెళ్ళి అడిగాడు. పెద్ద కోరికేం కాదు. హాలు చివర, స్తంభం వెనక, మీట విరిగిపోయి అమ్మకానికి పనికిరాని కుర్చీ ఒకటి పడి ఉంది. జనం లేనప్పుడు కాసేపు దాంట్లో నడుం వాలుస్తానన్నాడు.

అల్లుడుగారు చాలా ఓపిగ్గా విన్నాడు. ఓపిగ్గా వినేవాళ్ళంటే నాకు అప్పట్నుంచే భయం.

“మీ బాధ నాకు అర్థమైంది బాబాయ్. కానీ ఒకటి ఆలోచించండి. కస్టమరు లోపలికి వచ్చేసరికి మీరు పడుకుని ఉంటే ఎలా ఉంటుంది? ఆ కుర్చీలో స్టాఫ్ కూర్చుంటారని తెలిస్తే ఎవరు కొంటారు?”

“అది అమ్మేది కాదు సార్, విరిగింది.”

“విరిగినదాంట్లో మిమ్మల్ని కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పదు,” అని సీసా తీశాడు.

ఇక చేసేదేముంది. బావ స్తంభానికి ఆనుకోవడం మొదలుపెట్టాడు. కస్టమర్లు లేనప్పుడు నిలబడే, తలా వీపూ స్తంభానికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఎవరైనా మెట్లు ఎక్కుతున్న చప్పుడు వింటే నిటారుగా అయిపోయేవాడు. నేను అద్దంలోంచి చూస్తూ ఉండేదాన్ని. అది చేరగిలబడటం కాదు. ఆనుకోవడం.

కొన్నాళ్ళకి స్తంభం మీద మరక తేలింది. తేలకుండా ఎలా ఉంటుంది? మనిషన్నాక చెమట ఉంటుంది, తలన్నాక నూనె ఉంటుంది. ఆ మరక అల్లుడుగారి కంటపడింది. దాని దగ్గరికి వెళ్ళి, ముక్కు చిట్లించి, జేబులోంచి పెన్ను తీసి, వేలితో కాదు, పెన్ను చివరతో దాన్ని తాకాడు. తరవాత ఆ పెన్ను చెత్తబుట్టలో పడేశాడు.

“ఛీ, ఏమిటిది?” అన్నాడు అందరికీ వినపడేలా. “పశువుల కొట్టంలా ఉంది.”

బావ తల దించుకున్నాడు. తప్పు చేసిన పిల్లాడిలా జేబులోంచి రుమాలు తీసి దాన్ని తుడవబోయాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కత్తెర పట్టుకుని తలుపు దాకా వెళ్ళాను. అక్క ముఖం గుర్తొచ్చి ఆగిపోయాను. పని పోతే ఇద్దరిదీ పోతుంది.

మర్నాడు ఆ స్తంభానికి నాలుగు వైపులా నిలువెత్తు అద్దాలు బిగించారు. అద్దానికి ఆనుకుంటే వెంటనే మరక పడుతుంది, గల్లాపెట్టె దగ్గర్నుంచి కనిపిస్తుంది. పైగా షోరూము పెద్దదిగా కనిపిస్తుందని అల్లుడుగారు మురిసిపోయాడు. ఆ అద్దాల్లో మా బావ నలుగురై నిలబడ్డాడు.

తరవాత హోర్డింగు గొడవ వచ్చింది. షాపుకి కొత్త ప్రచారం చెయ్యాలని అల్లుడుగారికి పుట్టింది. బావ కస్టమర్లకి చెప్పే మాటలు గల్లాపెట్టె దగ్గర కూర్చుని చెవులు రిక్కించి విన్నాడల్లే ఉంది, ఒకరోజు మా అందరి ముందూ చేరగిలబడటం గురించి తనకేదో మెరుపు మెరిసినట్టు చెప్పాడు. వీపు ఇల్లు చేరాలట. చేరడం అనే మాటలోనే అంతా ఉందట. అక్షరం పొల్లుపోకుండా బావ మాటలే. చెబుతూ చెబుతూ బావ వైపే చూసి “ఎలా ఉంది బాబాయ్ నా ఐడియా?” అని అడిగాడు. అంత సిగ్గులేని మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

“బాగుంది సార్,” అన్నాడు బావ.

“ఫొటోకి మీరే కూర్చోవాలి. మోడల్స్ వద్దు. అలసిపోయిన ముఖం కావాలి. మీ ముఖం సరిగ్గా సరిపోతుంది.”

బావ ఆ మాట పట్టించుకోలేదు. సమయం చూసుకుని తన మాట అడిగేశాడు. “ఫొటో దిగుతాను సార్. నాకు ఒక కుర్చీ ఇప్పించండి. నడుం ఆగడం లేదు.”

“తప్పకుండా ఇస్తాను. నా మాట. మీ ఒక్కరికే స్పెషల్‌గా చేయిస్తాను.”

ఆ సాయంత్రం అక్క ఇంట్లో పండగే. అడిగితే ఎందుకివ్వరు, మీరే నోరు విప్పరు అని బావని మెచ్చుకోలుగా తిట్టింది. నాకు మాత్రం ఆ స్పెషల్ అన్న మాట మింగుడుపడలేదు.

ఫొటో రోజున షాపులో అన్నిటికన్నా ఖరీదైన కుర్చీ మధ్యలో వేశారు. దాని కవరు నేను కుట్టిందే. బావ చేత తెల్లలాల్చీ తొడిగించి కూర్చోబెట్టారు. ఫొటోగ్రాఫరు వెనక్కి వాలమన్నాడు. బావకి రాలేదు. ఎంతమందినో చేరగిలబెట్టిన మనిషి, ఆ హాల్లో, అల్లుడుగారి ఎదురుగా, భుజాలు బిగబట్టుకుని కూర్చున్నాడు. “ఫ్రీగా, ఫ్రీగా,” అని ఫొటోగ్రాఫరు అరుస్తున్నాడు. అరిస్తే ఎవడు ఫ్రీగా ఉంటాడు? నాకు చూడబుద్ధి కాక తలుపు తోసుకుని వెళ్ళి, కవరు కుట్టు సర్దుతున్నట్టు కుర్చీ వెనక నిలబడ్డాను.

“బావా, మెడ ఇంకా బస్సు దిగలేదు,” అన్నాను మెల్లగా.

ఆయనకి నవ్వొచ్చింది. మెడ వదులైంది. ఫొటో పడింది.

పడిన మరుక్షణం “లేవండి, లేవండి,” అన్నాడు అల్లుడుగారు. బావ లేచాడు. అల్లుడుగారు నన్ను పిలిచి, ఆ తల ఆనిన చోట కవరు విప్పేసి కొత్తది కుట్టమన్నాడు.

“కొత్తదే కదా సార్ అది,” అన్నాను.

“తల ఆనింది కదా,” అన్నాడు, బావ పక్కనే ఉండగా. “కస్టమర్లకి ఇచ్చేది శుభ్రంగా ఉండాలి.”

నేను కుట్టిన కుట్టు నేనే విప్పాను. ఆ గుడ్డ ముక్క పారెయ్యమన్నాడు. పారెయ్యలేదు, మడిచి నా సంచిలో పెట్టుకున్నాను. ఎందుకో అడక్కండి, నాకే తెలియదు.

హోర్డింగు షాపు నెత్తిన లేచింది. రోడ్డు మలుపు తిరగ్గానే మా బావ ఆకాశమంత ఎత్తున నవ్వుతూ, పక్కన ‘చేరగిలబడండి’ అని పెద్ద అక్షరాలూ, కింద ‘మీ వీపు ఇల్లు చేరే చోటు’ అని చిన్న అక్షరాలూ. ఆ బొమ్మ కింద గుమ్మంలో అసలు మనిషి కాలు ఈడ్చుకుంటూ వచ్చి తలుపు తీస్తున్నాడు. జనం బొమ్మని చూసి, మనిషిని చూసి, “మీరేనా” అని అడిగి, ఔనంటే నవ్వుకుంటూ లోపలికి వెళ్ళేవాళ్ళు.

ఇక కుర్చీ. ఒకరోజు పనిలోకి వెళ్ళేసరికి షెడ్డులో మా వడ్రంగి ఒక మంచి టేకు కుర్చీని అడ్డంగా పడుకోబెట్టి, రంపంతో దాని వీపు కోస్తున్నాడు.

“ఏంటిది, పిచ్చిపట్టిందా నీకు?”

“అల్లుడుగారి ఆర్డరు,” అన్నాడు వడ్రంగి తలెత్తకుండా. “మీ బావకట. కూర్చోవాలి గానీ వెనక్కి వాలకూడదట. వాలితే నిద్రొస్తుందట.”

కోసిన ముక్క కింద పడింది. వీపు ఆనే పలక. నున్నగా, కొంచెం వంపు తిరిగి ఉంది. మనిషి మీద కోపంతో కుర్చీ విరగ్గొట్టేవాళ్ళని చూశాను. నవ్వుతూ, ఆలోచించి, ఆర్డరిచ్చి, కుర్చీకి వీపు లేకుండా కోయించేవాణ్ణి అప్పుడే చూడటం. వడ్రంగి కూడా ఆ పలకని కాలితో తన్నకుండా చేత్తో తీసి గోడకి ఆనించి పెట్టాడు.

అల్లుడుగారు ఆ పీట లాంటి దాన్ని హాల్లోకి తెప్పించి, అందరి ముందూ బావకి ఇచ్చాడు. చప్పట్లు కొట్టమన్నాడు. కొట్టారు. “మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను,” అన్నాడు.

బావ దాని మీద కూర్చున్నాడు. అలవాటుగా వెనక్కి వాలబోయి, అక్కడ ఏమీ లేకపోయేసరికి తూలి, చెయ్యి నేలకి ఆనించి నిలదొక్కుకున్నాడు. ఎవడో కిసుక్కున నవ్వాడు. బావ నవ్వలేదు, కోప్పడలేదు. ఆ కోసిన అంచు మీద వేలితో ఒకసారి రాసి చూసుకున్నాడంతే.

ఆ మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. బావని గుర్తుపట్టి, “ఆ బోర్డు మీద మాట భలే ఉంది నాయనా, దాని అర్థమేమిటో సరిగ్గా చెప్పు,” అంది. ఎప్పుడూ అయితే చెప్పులు విప్పించేవాడు, సంచి అందుకునేవాడు. ఆ రోజు మాత్రం, “చూపిస్తానమ్మా,” అన్నాడు.

వీధివైపు అద్దాల కిటికీలో ఫొటోలోని కుర్చీనే అలంకరించి పెట్టారు. బావ నేరుగా అక్కడికి నడిచాడు. చెప్పులు విప్పి పక్కపక్కన పెట్టాడు. కుర్చీలో కూర్చుని, మీట లాగి, కాళ్ళు పైకి లేచాక, వెనక్కి వెళ్ళాడు. ముందు నడుము, తరవాత భుజాలు, ఆఖరున మెడ. ఒకటొకటీ చేరడం నాకు షెడ్డులోంచే కనిపించింది. కళ్ళు మూసుకున్నాడు. నాలుగు నిమిషాల్లో గురక.

అల్లుడుగారు పరుగున వచ్చాడు. బావ జబ్బ పట్టుకుని లేపబోయాడు. సరిగ్గా అప్పుడే కిటికీ బయట జనం పోగవడం చూశాడు. పైన బొమ్మా, కింద మనిషీ, ఇద్దరూ ఒకటే. వేలు పెట్టి చూపించుకుని నవ్వుకుంటున్నారు, ఫోన్లు తీసి ఫొటోలు తీస్తున్నారు. కొందరు మెట్లెక్కి లోపలికి వస్తున్నారు. జబ్బ పట్టుకున్న ఆ చెయ్యే మెల్లగా భుజం మీదికి జారి నిమరడం మొదలుపెట్టింది. ఆ నిమరడం చూడాల్సింది మీరు. పాకుతున్న జెర్రిని చూసినా నాకు అంత జలదరింపు రాలేదు.

ఆ రోజు అంతవరకూ ఎన్నడూ లేనంత అమ్మకం జరిగింది. బావ నిద్రలేచేసరికి ఉద్యోగం పోలేదు. మారింది.

“రేపట్నుంచి మీ డ్యూటీ ఇక్కడే బాబాయ్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా హాయిగా చేరగిలబడటమే. మీరడిగిందేగా.”

అక్క సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పక్కింటావిడతో కూడా చెప్పుకుంది. నేనే, ఇంత కుళ్ళు ఆలోచనలు నాకెందుకు అనుకుని, సర్దిచెప్పుకున్నాను. కాలు బాగైతే అంతే చాలు.

తరవాత రూల్సు వచ్చాయి. కళ్ళు మూయకూడదు, చూసేవాళ్ళకి శవంలా ఉంటుంది. నోరు తెరవకూడదు. గురక అసలే కూడదు. చిరునవ్వు ఉండాలి. పక్కకి తిరగకూడదు, బొమ్మలో ఎలా ఉందో అలాగే ఉండాలి. అన్నానికి తప్ప లేవకూడదు. తల కింద తెల్లగుడ్డ వేసుకోవాలి, రోజుకొకటి. ఆ గుడ్డలు కుట్టేది నేను. వాటి మీద ఎర్రదారంతో ‘చేరగిలబడండి’ అని కుట్టాలి. కుట్టాను. ఒక్కొక్క అక్షరానికీ సూదిని తిట్టుకుంటూ కుట్టాను.

బావ ఆ కిటికీలో పడి ఉన్నాడు. పిల్లలు అద్దం మీద టకటకా కొట్టి నాలుక చాపేవాళ్ళు, ఆయన కదలకూడదు. ముక్కు మీద ఈగ వాలేది, ఆయన చిరునవ్వు ఆపకూడదు. నిద్ర ముంచుకొచ్చి రెప్ప వాలితే గల్లాపెట్టె దగ్గర్నుంచి గంట మోగేది. నడుం నొప్పి నడుంలోనే ఉంది, ఇప్పుడు మెడక్కూడా పాకింది. కాలు అలాగే మొద్దుబారుతోంది.

ఆఖరికి బావ మళ్ళీ అల్లుడుగారి దగ్గరికి వెళ్ళాడు. ఆ మాట నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను.

“సార్, నన్ను మళ్ళీ నిలబెట్టండి.”

అల్లుడుగారు అటూ ఇటూ ఉన్నవాళ్ళ వైపు చూసి నవ్వాడు. “చూశారా, మనిషికి ఎంత చేసినా తృప్తి ఉండదు. పడుకోబెట్టి జీతమిస్తున్నా నొప్పేనా బాబాయ్?” అని భుజం తట్టి, జేబులోంచి సీసా తీశాడు.

బావ వెళ్ళి కుర్చీ ఎక్కాడు. చిరునవ్వు పెట్టుకున్నాడు.

మొన్న సెలవురోజున అక్క ఇంటికి వెళ్ళాను. బావ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. టీ నిలబడే తాగాడు. పిల్లవాడు పుస్తకం తెస్తే నిలబడే చూశాడు. చాప చుట్టి మూలన నిలబెట్టి ఉంది.

“ఎప్పట్నుంచి ఇలా?” అని అక్కని అడిగాను.

“ఆ కిటికీ ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి. కాస్త చేరగిలబడండి అంటే ఆ మాట ఎత్తొద్దని కసురుకున్నారు. ఇన్నేళ్ళలో నన్నెప్పుడూ కసరలేదే ఆయన.”

నాకు ఆ ఇంట్లో ఏం చెయ్యాలో తోచలేదు. గోడ మీద జిడ్డు మరక కనిపించింది. చేతులు ఊరుకోక, పోనీ అక్క ముచ్చటైనా తీరుద్దామని బకెట్టులో సబ్బునీళ్ళు కలిపి, గుడ్డ ముంచి గోడ దగ్గరికి వెళ్ళాను. ఆ మరక కోసం అక్క ఎన్నేళ్ళు సాధించిందో నాకు తెలుసు. గుడ్డ గోడకి తగలబోతుంటే వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

“తుడవకే,” అంది. “ఆయన ఇల్లు చేరేవారని నాకు అదొక్కటే గుర్తు.”

పోయినవాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పింది. బావకి వినపడే ఉంటుంది, అంత చిన్న గది అది. ఆయన ఇటు తిరగలేదు. నేను గుడ్డ పిండి బకెట్టులో పడేసి, నీళ్ళు బయట పారబోసి వచ్చాను. బావ ఇంకా కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు.